పంక్తిలో ఎవరున్నారు?



రుచిగా తినడం పాపమా? ఒక పూట పది రకాలు ముందు పెట్టుకొని, ఇది కొంచెం, అది కొంచెం అంటూ సంతోషంగా భోంచేస్తే దేవునికి కోపం వస్తుందా? ఇదేం ప్రశ్న అని మీరు నవ్వవచ్చు. కానీ నన్ను ఈ ప్రశ్న అడిగినామె నవ్వుతూ అడగలేదు. నంద్యాలలో ఒక హోటలు బల్ల దగ్గర, తిన్న చేయి ఇంకా కడుక్కోకముందే అడిగింది. అప్పటికప్పుడు నాకు తోచిన మాటేదో చెప్పి తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఇంటికి వచ్చాక తెలిసింది. అందుకే ఆ సంగతి ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ఆళ్లగడ్డలో నేను చాలాకాలంగా ఎరిగిన కుటుంబం అది. ఆ ఊరి శిల్పుల పేరు మీరు వినే ఉంటారు. ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాలు దూరదేశాలకు కూడా వెళుతుంటాయి. ఈ ఇంటి పెద్దాయన శిల్పి కాడు. శిల్పులు చెక్కిన రాయికి మెరుగు పెట్టే పనిలో బతుకంతా గడిపినవాడు. ఆయన భార్య నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు వెళ్లి పిల్లలను చదివించింది. పెద్దకొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రుల పెండ్లి జరిగి నలభై ఏండ్లు నిండిన రోజున ఉదయం దివ్యబలిపూజ చేయించి, సాయంత్రం అందరినీ కారులో ఎక్కించుకొని, సిరివెళ్ల మీదుగా నంద్యాలకు తీసుకువచ్చాడు. నన్ను కూడా రమ్మని పట్టుబట్టాడు.

ఆ రాత్రి భోజనం గురించి దాచకుండా చెబుతాను, ఎందుకంటే అది నిజంగా బాగుంది. మొదట మిరపకాయ బజ్జీలు వచ్చాయి. తర్వాత మసాలా పట్టించి వేయించిన చేప ముక్కలు. ఆ వెనుక వేడి వేడి రాగిసంగటి ముద్దలు, నాటుకోడి పులుసు. జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర. చెనిక్కాయల చట్నీ, గోంగూర. పిల్లలు బిర్యానీ అడిగారు. చివరకు సన్నబియ్యం అన్నం, గడ్డపెరుగు. తీపికి నెయ్యి వేసిన ఓళిగలు. ఒకరి పళ్ళెంలోనిది ఒకరు రుచి చూస్తూ, ఇది బాగుంది, అది కారం ఎక్కువ అని తీర్పులు చెప్పుకుంటూ గంటన్నర కూర్చున్నాము.

మాటల్లో కొడుకు హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాడు. తోటి ఉద్యోగులు ఒకసారి జపాను దేశపు భోజనానికి తీసుకువెళ్ళారట. సుషి అని, చిన్న అన్నపు ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టి ఇస్తారట. ఒక్కో పళ్ళెంలో ఒక్కో రకం, అన్నీ కలిపి పన్నెండు రకాలు తిన్నాడట.

"పచ్చి చేపనా! ఉడకబెట్టేకి కట్టెలు లేవా వాళ్లకి?" అంది తల్లి. అందరం కడుపు పట్టుకొని నవ్వాము.

తర్వాత బిల్లు వచ్చింది. కొడుకు దాచేలోపే ఆమె అంకె చూసింది. మొహం మారిపోయింది. నా వైపు తిరిగి, "సార్, నేను వారం దినాలు వంగి కలుపు తీస్తే కూడా ఇంత రాదు. ఒక్క పూటకి ఇన్ని రకాలు, ఇంత డబ్బు. ఇది తప్పు కాదా? దేవుడు మెచ్చుతాడా?" అని అడిగింది.

"కొడుకు ప్రేమతో పెట్టాడమ్మా, తప్పేముంది" అన్నాను. ఆమె తల ఊపింది కానీ ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోకపోవడంలో ధర్మం ఉంది.

రుచి ఎవరిచ్చింది?

మనలో పెద్దవారు కొందరు చిన్నప్పుడు సత్యోపదేశంలో ఏడు మూలపాపాలు కంఠస్థం చేసినవారే. అందులో భోజనప్రియత్వం ఒకటి. అప్పటినుండి మన మనసులో ఒక అనుమానం ఉండిపోయింది, నాలుకకు నచ్చినదల్లా ఆత్మకు చేటేమో అని. కానీ శ్రీసభ బోధ అది కాదు. 13వ శతాబ్దపు మహా వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ ఈ విషయాన్ని ఓపికగా పరిశీలించారు. తినాలనే కోరికే పాపం కాదు, బుద్ధి అదుపు తప్పిన కోరిక పాపం అన్నది ఆయన తీర్మానం. అంతేకాదు, ప్రకృతికి అవసరమైన సుఖాన్ని కారణం లేకుండా నిరాకరించడం కూడా ఒక లోపమేనని ఆయన రాశారు. ఆకలి పెట్టిన దేవుడే అన్నంలో రుచి కూడా పెట్టాడు. ఇచ్చినవాని ముందు ముఖం ముడుచుకొని తినడం భక్తి కాదు.

మన ప్రభువు జీవితం చూడండి. స్నాపకుడైన యోహాను మిడతలు, పుట్టతేనె తిని ఎడారిలో బతికితే, ఆయనకు దయ్యం పట్టిందన్నారు. యేసు విందులకు వెళితే తిండిపోతు అన్నారు. ఈ నింద సంగతి ప్రభువే స్వయంగా ప్రస్తావించినట్లు మత్తయి సువార్త పదకొండవ అధ్యాయంలో ఉంది. కానా పల్లెలో పెండ్లివారికి ద్రాక్షరసం తక్కువైతే, నీళ్ళతో సరిపెట్టుకోండి అని ఆయన ఉపదేశం చేయలేదు. ఆరు రాతిబానల నిండా మేలైన రసం ఇచ్చాడు. బెతానియాలో మరియ ఖరీదైన పరిమళ తైలం ఆయన పాదాలకు పూసినప్పుడు, ఇది అమ్మి పేదలకు ఇవ్వకూడదా అని యూదా గొణిగాడు. మూడు వందల దినారాల విలువ, అంటే ఇంచుమించు ఏడాది కూలి. ప్రభువు ఆమె పక్షాన నిలిచాడు. లెక్క అడిగినవాని హృదయంలో పేదలు లేరని యోహాను సువార్తికుడు మనకు గుర్తు చేస్తాడు.

అసిస్సిపుర పునీత ఫ్రాన్సిస్ కంటే పేదరికాన్ని ప్రేమించినవారు ఎవరున్నారు? ఒక ఏడు క్రిస్మసు శుక్రవారం నాడు వచ్చిందట. మాంసం మానాలా అని సహోదరులు చర్చించుకుంటుంటే, ఇంత గొప్ప దినాన గోడలు కూడా మాంసం తినాలి, తినలేకపోతే వాటికి పైపైన పూయండి అన్నాడని ఆయన చరిత్రకారుడు చెప్పాడు. మాంసాపేక్ష విషయంలో పెద్దపండుగలకు శుక్రవారపు నియమం వర్తించదని నేటి శ్రీసభ చట్టం కూడా చెబుతుంది. ఉపవాసం ఎంత పవిత్రమో పండుగ కూడా అంత పవిత్రం. విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం కడుపు మాడ్చుకున్నవానికే పునరుత్థాన పండుగ నాటి అన్నం రుచి పూర్తిగా తెలుస్తుంది.

కాబట్టి ఆ తల్లి ప్రశ్నలో మొదటి సగానికి జవాబు ఉంది. రకరకాలుగా తినడం, తిని సంతోషించడం దానంతట అది పాపం కాదు.

పళ్ళెంలో ప్రపంచం

రకాల గురించి ఇంకొక మాట. మనం "మన వంట" అనుకునేది ఒక్కసారి విప్పి చూడండి. రాయలసీమ కారం లేని రాయలసీమను ఊహించలేము. కానీ 1492లో కొలంబసు అమెరికా చేరకముందు మన దేశంలో మిరపకాయే లేదు. పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి వచ్చింది. మన చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. రాగి, జొన్న ఆఫ్రికానుండి వేల ఏండ్ల క్రితం వచ్చినవి. వంకాయ మాత్రం మన నేలదే. అంటే ఆ రాత్రి మా బల్ల మీద మూడు ఖండాలున్నాయి.

కొడుకు చెప్పిన సుషి కథ కూడా ఇలాంటిదే. వెనుకటి రోజుల్లో చేప చెడిపోకుండా ఉప్పు, అన్నం మధ్య నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి చేపను కాపాడేది. తినేటప్పుడు ఆ అన్నాన్ని పారవేసి చేపను మాత్రమే తినేవారు. కాలక్రమంలో అన్నాన్ని కూడా తినసాగారు. తర్వాత పులియబెట్టే బదులు అన్నానికి పులుపు కలిపారు. 19వ శతాబ్దం మొదట్లో, నేడు టోకియో అని పిలిచే ఎదో నగరపు వీధి బండ్ల దగ్గర, అన్నపు ముద్ద మీద చేప ముక్క పెట్టి అమ్మేవారు. పనిపాటలు చేసుకునేవారు నిలబడి రెండు ముద్దలు తిని వెళ్ళిపోయేవారు. నేడు అదే తిండి మన మహానగరాల్లో సంపన్నుల సరదా.

ఆ దేశంతో మనకు ఇంకొక చుట్టరికం కూడా ఉంది. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ మన దేశంలో సువార్త చెప్పిన తర్వాత 1549 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, జపానులో కాలు పెట్టారు. జపానువారు ఇష్టంగా తినే తెంపురా అనే పిండి పూసి వేయించిన వంటకం ఆ కాలపు పోర్చుగీసువారి వల్ల వచ్చిందంటారు. ఉపవాస దినాలకు శ్రీసభ వాడిన లతీను పేరే ఆ వంటకానికి పేరైందని చాలామంది చెబుతారు. మాంసం మానిన రోజుల్లో చేపలు, కూరగాయలు పిండిలో ముంచి నూనెలో వేయించుకునేవారట. మన బజ్జీకి దూరపు చుట్టమన్నమాట. ఒక దేశపు ఉపవాసం ఇంకొక దేశానికి విందు అయింది.

సుషికి జరిగిందే ఇప్పుడు మన సంగటికి జరుగుతున్నది. కూలికి పోయేముందు రాగిసంగటి, పచ్చిమిరపకాయ తినడం ఒకప్పుడు పేదరికానికి గుర్తు. వరి అన్నం పండుగ పూటే. నేడు పట్నంలో సంగటి ముద్ద కోసం కారు దిగుతున్నాము. ఇందులో తప్పు లేదు, ఆరోగ్యానికి మంచిది కూడా. కానీ ఆ ముద్దను రుచి అని మెచ్చుకునేటప్పుడు, వేరే దారి లేక జీవితమంతా అదే తిన్నవారిని మరువకూడదు. మా బల్ల దగ్గర ఆ ముద్దను చూసి ముచ్చటపడనిది ఒక్క ఆ తల్లే. ఆమె పెరుగన్నం పెట్టుకుంది.

గ్లాసు గుంజకు, మనిషి బయటకు

ఇక ఆ రాత్రి నేను మరువలేని సంగతికి వస్తాను. భోజనం జరిగినంతసేపు పెద్దాయన పెద్దగా మాట్లాడలేదు. వడ్డించే కుర్రవాడు వంగి, "సార్, ఇంకో ముద్ద వెయ్యమంటారా?" అని అడిగాడు. ఆయన వెంటనే బదులు చెప్పలేదు. తల వంచుకొని కూర్చున్నాడు. చూస్తే కళ్ళలో నీళ్ళు.

ఏమైందని కోడలు కంగారుపడింది. అప్పుడు చెప్పాడు. "నా చిన్నప్పుడు ఒక ఊర్లో టీ కొట్టు ఉండేది. మా గ్లాసులు వేరే. బయట గుంజకు తగిలించి ఉండేవి. లోపలికి పోయేకి లేదు. పైనుంచి పోస్తే తాగి, మేమే కడిగి మళ్ళా ఆడనే తగిలించాల. మా నాయన ఎప్పుడూ కుర్చీలో కూర్చొని టీ తాగలేదు. ఈ పిల్లోడు నన్ను సార్ అంటాండు."

బల్ల మీద అన్ని రకాలూ అలాగే ఉన్నాయి. కాసేపు ఎవరమూ తినలేకపోయాము.

చదువరులారా, 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలో హోటళ్ళు, భోజనశాలలు అనే మాటలు ఉన్నాయని మీకు తెలుసా? పదిహేనవ అధికరణంలో ఉన్నాయి. కులం, మతం మొదలైన కారణాలతో ఎవరినీ దుకాణాలలోకి, హోటళ్ళలోకి రానీయకుండా ఆపరాదని అక్కడ రాశారు. పదిహేడవ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. దేశానికి మూలమైన చట్టం రాసుకునేటప్పుడు టీ కొట్టు సంగతి కూడా రాయవలసి వచ్చిందంటే, మనిషిని అన్నం దగ్గర ఎంత అవమానించామో అర్థం చేసుకోండి. చట్టం వచ్చిన తర్వాత కూడా గుంజకు తగిలించిన గ్లాసు వెంటనే దిగలేదు. ఆ పెద్దాయన అందుకు సాక్షి.

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథం వైపు చూడండి. అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయంలో పేతురుగారికి మధ్యాహ్నపు ఆకలి వేళ ఒక దర్శనం కలిగింది. ఆకాశంనుండి పెద్ద దుప్పటి వంటిది దిగింది. అందులో అన్ని రకాల జంతువులు, పక్షులు. తినమని స్వరం. ఎన్నడూ మైలది తినలేదని పేతురు వెనుకాడాడు. దేవుడు శుద్ధి చేసినదానిని మైల అనవద్దని జవాబు వచ్చింది. ఇది తిండి గురించిన దర్శనమని ఆయన మొదట అనుకున్నాడు. కొర్నేలి ఇంటి గడప దాటిన తర్వాత, ఇది మనుషుల గురించి అని తెలుసుకున్నాడు.

తెలుసుకున్న పేతురే అంతియోకులో మళ్ళీ తడబడ్డాడు. అన్యజనులతో కలిసి తింటున్నవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వారి పంక్తినుండి లేచిపోయాడు. పౌలుగారు అందరి ఎదుట ఆయనను నిలదీశారు. గలతీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. మొదటి పోపుగారిని మందలించవలసి వచ్చింది భోజనపు పంక్తి విషయంలోనే. కొరింతు సంఘంలోనూ అదే రోగం. ప్రభు భోజనానికి కూడినప్పుడు ఉన్నవారు ముందే తిని తాగి మత్తులవుతుంటే, లేనివారు ఆకలితో చూస్తుండేవారు. ఇది ప్రభు భోజనమే కాదు పొమ్మన్నారు పౌలుగారు. పేదలు ఖాళీ కడుపుతో ఒక పక్కన నిలబడి ఉండడమే ఆయనకు ఆగ్రహం కలిగించింది. అక్కడ ఎన్ని రకాలు వండారో ఆయన విచారించలేదు.

లూకా సువార్తలోని ధనవంతుడు, లాజరుల కథలో కూడా ఇంతే. ప్రతిదినం విందు చేసుకున్నాడు, గడప దగ్గర పుండ్లతో పడి ఉన్నవానిని చూడలేదు. ఈ రెండు మాటలనూ విడదీయకుండా చదవాలి. ప్రతిదినం అన్నది ముఖ్యం. గడప దగ్గర అన్నది ఇంకా ముఖ్యం.

కొలత ఏది?

ఇక ఆ తల్లి ప్రశ్నలోని రెండవ సగం. పాపం కాకపోతే ఎంతవరకు కాదు? వారం రోజుల కూలి ఒక పూటలో ఖర్చు కావడం సరైనదేనా?

ఆరవ శతాబ్దం చివర పోపుగా ఉన్న పునీత మహా గ్రెగోరీ, భోజనప్రియత్వం ఐదు దారులలో వస్తుందని చెప్పారు. వేళ కాకముందే తినడం, మితిమీరిన ఖరీదైనది కోరడం, ఎక్కువగా తినడం, ఆత్రంగా తినడం, ఇలాగే వండాలి అలాగే ఉండాలి అని అతిగా ముచ్చటపడడం. అక్వినాస్ కూడా ఇవే తీసుకొని వివరించారు. ఈ జాబితా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. గంజి తాగేవాడు కూడా ఆత్రంలో పాపం చేయగలడు. పది రకాలు తినేవాడు కూడా నెమ్మదిగా, కృతజ్ఞతతో, పక్కవానికి అందిస్తూ తినవచ్చు. పాపం వంటకంలో లేదు. అయితే ఖరీదు అసలు లెక్కలోకి రాదని కూడా గ్రెగోరీ అనలేదు, చూశారా? అది ఐదింటిలో ఒకటి. కాబట్టి బిల్లు చూసి ఆ తల్లి బెదరడం అజ్ఞానం కాదు.

మన గడ్డమీదే ఒక కొలత ఉంది. ఆళ్లగడ్డకు దగ్గరలోనే ఉయ్యాలవాడ ఉంది. 1866 నాటి కరువులో ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డిగారు తన గాదెలు తెరిచి, గంజి కాయించి, వేలాది జనానికి పోయించారు. ఇప్పటికీ ఆయన మీద జానపదులు పాడుకుంటారు. పదేండ్ల తర్వాత 1876లో ధాత కరువు వచ్చి కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. తుంగభద్ర నీటిని తెచ్చే కె.సి. కాలువ అప్పటికే తవ్వారు. అయినా ఆకలి ఆగలేదు. ఇంత పండే నేల మీద ఇంత ఆకలి చూసిన జిల్లా మనది. వెంగళరెడ్డిగారు క్రైస్తవులు కారు. కానీ ఆకలిగొన్నవానికి పెట్టినది నాకు పెట్టినట్లే అన్న ప్రభువు తీర్పు దినాన ఆయనను ఎక్కడ నిలబెడతాడో నాకు అనుమానం లేదు. గాదె నిండుగా ఉండడం నేరం కాదు, కరువులో దాని తలుపు మూసి ఉండడం నేరం.

ఆ కొడుకు చేసినది నేను ఈ కొలతతో తూచి చూశాను. నలభై ఏండ్లకు ఒకసారి. తనకోసం కాదు, తనకోసం పస్తులున్నవారికోసం. తండ్రి జీవితంలో ఒక గాయం మీద ఆ పూట ఒక చేయి వేసినట్లయింది. బెతానియాలో మరియ పోసిన తైలం వంటి ఖర్చు అది. ఆ పన్నెండు రకాల జపాను భోజనం సంగతి మాత్రం అతడే ఆలోచించుకోవాలి. నెలకొకసారి అయితే సరదా. వారానికొకసారి అయితే? ఆళ్లగడ్డలో తల్లి మందుల చీటీ ఇంకా అంగడికి వెళ్ళని నెలలో అయితే? ఇంత వరకు అని గీత గీసి చూపడం నా వల్ల కాదు. పండుగ నాటి అన్నం రోజువారీ హక్కుగా మారే చోట ఎక్కడో ఆ గీత ఉంది. ఎవరి మనస్సాక్షి వారికి చూపుతుంది, మనం దాని నోరు నొక్కకపోతే.

ఇక నా సంగతి. అందరికీ నీతులు చెబుతున్న నేను ఆ రాత్రి అవీ ఇవీ పెట్టించుకొని, నాలుగు చేప ముక్కలు, సగం రొట్టె పళ్ళెంలో వదిలేశాను. 2013 జూన్ నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు, పారవేసిన అన్నం పేదల బల్లమీదనుండి దొంగిలించినదానితో సమానమని హెచ్చరించారు. ఆ లెక్కన ఆ రాత్రి బల్ల దగ్గర దొంగతనం చేసినది నేనొక్కడినే. కలుపు తీసిన తల్లి తన పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు.

మన విందుల సంగతి

ఇది హోటలుతో ఆగే మాట కాదు. మన విచారణల్లో పెండ్లిండ్లు, గుడి పండుగలు ఎలా జరుగుతున్నాయో చూడండి. పెద్దలకు వేరే గదిలో వేరే వడ్డన. వంట చేసినవారు, పందిరి వేసినవారు, డప్పు కొట్టినవారు చివరి పంక్తిలో చల్లారిన అన్నం తింటారు. ఎన్ని రకాలు పెట్టారన్నదే మర్నాడు చెప్పుకుంటాము. ఎవరు ఏ వరుసలో కూర్చున్నారో చెప్పుకోము.

మన శ్రీసభలో కూడా కులవివక్ష ఉందని భారత మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతకోసం ప్రకటించిన విధాన పత్రంలో బాహాటంగా ఒప్పుకుంది. కర్నూలు మేత్రాణులుగా మన మధ్య పనిచేసిన పూల అంతోని తండ్రిగారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలోనూ మొదటి కార్డినల్ ఆయనే. ఆనాడు మనమందరం ఆనందించాము. ఆ ఆనందం నిజమైతే మన ఇంటి బల్ల దగ్గర కూడా కనిపించాలి. గుడిలో ఒకే పాత్రలోని దివ్య సత్ప్రసాదం నాలుక మీద పెట్టించుకొని, బయటకు వచ్చి గ్లాసు వేరు చేస్తే, లోపల అందుకున్నది ఏమైనట్లు?

2017లో మొదటి పేదల దినోత్సవం నాడు ఫ్రాన్సిస్ పోపుగారు సుమారు 1,500 మంది పేదలను వాతికనుకు పిలిచి, వారితో కలిసి కూర్చొని భోంచేశారు. పొట్లాలు పంచి పంపవచ్చు, సులువు కూడా. ఆయన కూర్చున్నారు. అన్నం పెట్టడం దయ. కలిసి కూర్చొని తినడం చుట్టరికం. ప్రభువు తన చివరి రాత్రి మనకు ఇచ్చిపోయినది ఈ చుట్టరికమే.

ఇక ఆ రాత్రి ఎలా ముగిసిందో చెప్పి సెలవు తీసుకుంటాను. చేతులు కడుక్కొని లేచాము. బల్ల తుడవడానికి ఒక యువకుడు వచ్చాడు. మేమందరం చెప్పులు వెతుక్కుంటున్నాము. ఆ తల్లి మాత్రం ఆగి అతనిని అడిగింది.

"నువ్వు తింటివా నాయనా?"

"ఇంకా లేదమ్మా. పదకొండు దాటినాక తింటాం."

ఆమె కొడుకు వైపు చూసింది. మాట్లాడలేదు. కొడుకు తిరిగి లోపలికి వెళ్ళి, యజమానితో ఏదో మాట్లాడి, పనివారందరికీ ఓళిగలకు డబ్బు కట్టి వచ్చాడు. తెచ్చి ఇచ్చినప్పుడు ఆ యువకుడు నవ్వాడు. దానితో లోకంలో ఆకలి తీరలేదు. అతని పని గంటలు తగ్గలేదు, కూలి పెరగలేదు. అవి వేరే పోరాటాలు, అవీ చేయవలసినవే. కానీ గంటన్నరసేపు మాకు వడ్డించినవాడు తిన్నాడా లేదా అన్నది బల్ల చుట్టూ ఉన్నవారిలో ఆమె ఒక్కతికే తోచింది. ప్రార్థనతో మొదలుపెట్టి భోంచేసిన నాకు తోచలేదు.

ఆమె అడిగిన ప్రశ్నకు ఆమే జవాబు చెప్పిందని ఇప్పుడు అనిపిస్తున్నది. రుచిగా తినండి. పండుగ పూట రకరకాలుగా తినండి, ఇచ్చినవానికి స్తోత్రం చెప్పండి, పళ్ళెంలో మిగల్చకండి. లేచేముందు ఒక్కసారి చుట్టూ చూసి, మన తెలుగువారు గడపలో కనబడిన ఎవరినైనా అడిగే ఆ పాత మాట అడగండి. వచ్చే ఆదివారం పూజ తర్వాత మీ ఇంట కూర ఉడుకుతున్నప్పుడు, మీ బల్ల దగ్గర ఇంతవరకు ఎన్నడూ కూర్చోని ఒక్కరిని తలచుకోండి. ఎవరో మీకు తెలుసు. కబురు పంపండి. వారు వచ్చాక ఏ గ్లాసులో నీళ్ళు ఇస్తారో ప్రభువు చూస్తుంటాడు.